టర్బోకు ముందు మీటరు

మీటరక్క షెడ్డుకు వచ్చి "అక్కా, బండికి కాస్త బలం పెంచాలి" అన్నవాడెవడూ ఆ రోజే బలం పెంచుకుని వెళ్ళిన దాఖలా లేదు. ముందు ఆమె స్టూలు చూపిస్తుంది. తర్వాత ప్రశ్నలు మొదలుపెడుతుంది. బండి ఏం మోస్తుంది, ఎంత ఎత్తు ఎక్కుతుంది, ఎక్కడికి వచ్చేసరికి నీరసపడుతుంది? వచ్చినవాడు నీళ్ళు నమిలితే, "నీ బండి సంగతి నీకే తెలీకపోతే నాకెలా తెలుస్తుంది నాయనా? ఓ వారం తోలి, చూసుకుని రా" అని పంపించేస్తుంది. అలా వెళ్ళినవాళ్ళలో సగం మంది ఆమెను తిట్టుకుంటూ వెళ్తారు. ఆ సగంలో సగం మంది తమంతట తాము తిరిగొస్తారు, మిగతావాళ్ళను బండితో సహా తాడు కట్టి లాక్కొస్తారు అని ఆమె తమ్ముడు చెబుతాడు. గోరంతను కొండంత చేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య కాబట్టి ఆ లెక్కను మనం సగానికి సగం తగ్గించి నమ్మొచ్చు.

ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట, ఎడమ వైపున, రేకుల కప్పు వేసిన షెడ్డు అది. లోపల బండి కిందికి దిగి పనిచేసే గుంట ఒకటే, బల్ల ఒకటే. బల్ల మీద నూనె మరకైనా ఉండదు. వెనక గోడ మాత్రం నేల నుంచి చెయ్యి అందేంత ఎత్తు వరకూ సుద్దముక్క అంకెలతో నిండి ఉంటుంది. ఏ బండి, ఎంత బరువు, ఎన్నో మలుపు, అక్కడ ఇంజిన్ ఎంత వేడెక్కింది అన్న వివరాలవి. కొత్తవాళ్ళు ఆ గోడను చూసి ఇక్కడ లెక్కల ట్యూషన్ కూడా చెబుతారా అని అడుగుతుంటారు.

ఆమె సిద్ధాంతం చాలా చిన్నది. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగ ఊపుతోనే తిరుగుతూ, ఆ ఇంజిన్‌కే గాలి కుక్కి పెట్టే చక్రం. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ పోయొచ్చు, డీజిల్ ఎక్కువైతే బలం వస్తుంది. ఇంతవరకూ ఎవడైనా చెబుతాడు. బలం ఒంటరిగా రాదు, వేడిని వెంటబెట్టుకుని వస్తుంది అన్నది ఎవడూ చెప్పడు. ఆ వేడిని చూపించే మీటరు డాష్‌బోర్డు మీద బిగించకుండా ఆమె బలం పెంచే సామాను ఒక్కటి కూడా ముట్టదు. "జ్వరం చూడకుండా మందు రాసే డాక్టరు దగ్గరికి నీ పిల్లల్ని తీసుకెళ్తావా?" అంటుంది. మీటరక్క అన్న పేరు అలా వచ్చింది. అసలు పేరు గుర్తింపు కార్డు మీద భద్రంగా ఉంది. ఆమె మరదలు, అంటే తమ్ముడి భార్య, ఎప్పుడూ ఒకటే ఆట పట్టిస్తుంది: "మా వదిన చంటిపిల్లలకి పాలు పట్టాలన్నా ముందు మీటరు ముంచి చూస్తుంది!"

షెడ్డులో ఇంకొకాయన ఉంటాడు. గుమ్మం పక్కన, పాత బస్సులోంచి పీకి తెచ్చిన సీటు మీద కూర్చునే పెద్ద మేస్త్రి, మీటరక్క తండ్రి. ఆమెకు పని నేర్పింది ఆయనే. ఒకప్పుడు రోడ్డు మీద పోతున్న బండి చప్పుడు విని, అన్నం తింటూనే, "వాడి మూడో ఇంజెక్టరు పోయింది, ఇంకో నాలుగు రోజుల్లో వస్తాడు చూడు" అనేవాడు. నాలుగో రోజున వాడు వచ్చేవాడు. అలాంటి మనిషికి అరవై దాటగానే చెవులు మొరాయించాయి. ఇప్పుడు ఆయనతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కానీ ఇంజిన్‌తో ఆయన మాటలు మాత్రం ఆగలేదు. కర్ర పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది. దాని మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరచి పట్టుకుంటాడు. చెవి వద్దన్న చప్పుడు దవడ ఎముక గుండా లోపలికి పోతుంది. కళ్ళు మూసుకుని అలా నిలబడ్డ ఆయన్ని చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. నవ్వినవాళ్ళను మీటరక్క స్టూలు మీంచి లేపేస్తుంది.

ఈ కథ తమ్ముడి బండితో మొదలైంది.

తమ్ముడిది పాత టర్బో డీజిల్ పికప్. కింద చేపపిల్లల కేంద్రం ఉంది, కొండ మీద పెద్ద సరస్సు ఉంది. ఆ సరస్సులో చేపలు పెంచే సంఘానికి ఏడాది పొడవునా వారానికి నాలుగుసార్లు పిల్లల్ని మోసుకెళ్ళే బండి కావాలి. పన్నెండు వందల లీటర్ల నీళ్ళ ట్యాంకు, అందులో వేలల్లో వేలెడంత కూడా లేని చేపపిల్లలు, వాటికి గాలి బుడగలు వదిలే గొట్టం. ఇరవై ఆరు మలుపుల ఘాట్ రోడ్డు. ఎండలో బండి ఎక్కడైనా ఆగిందంటే నీళ్ళు వేడెక్కి పిల్లలు వెల్లకిలా తేలతాయి. అందుకే సంఘం పెట్టిన షరతు ఒక్కటే: నిండు ట్యాంకుతో, దారిలో ఎక్కడా ఆగకుండా, గంటంబావులో పైకి రావాలి.

తమ్ముడి బండి పద్ధెనిమిదో మలుపు దగ్గరే నాలుక బయటపెడుతోంది. ఈ పని దొరక్కపోతే బండి అమ్మేసి మళ్ళీ పరాయివాళ్ళ స్టీరింగ్ పట్టుకోవాలి. పదేళ్ళు అలా తోలి, సొంత బండి కొనుక్కున్న రోజున సీటు మీద పసిపిల్లాడిలా ఎగిరిన మనిషి అతను. పైగా ఇంకో చిక్కు. సంఘం పెద్దాయనకు ఈ షెడ్డు పేరు చెబితేనే ఒళ్ళు మంట. ఇరవై రెండేళ్ళ కిందట పెద్ద మేస్త్రి చేతిలో ఆయన సొంత పికప్ కాలిపోయింది. అప్పటినుంచి "ఆ షెడ్డు చెయ్యి తగిలిన బండి నా సరస్సు గట్టెక్కకూడదు" అని పట్టుబట్టి కూర్చున్నాడు. తమ్ముడు నెల రోజులు తిరిగి, బతిమాలి, ఒక్క పరీక్షకు ఒప్పించుకుని వచ్చాడు. పదిరోజుల గడువు.

"అక్కా, చిప్పు బాబు దగ్గరికెళ్తే అరగంట పని," అన్నాడు వచ్చీ రాగానే. చిప్పు బాబు అంటే పక్క వీధిలో లాప్‌టాప్ పెట్టుకుని బండ్ల కంప్యూటర్లు మార్చే కుర్రాడు. "నలభై గుర్రాల బలం అదనంగా వస్తుందట."

"వస్తాయిరా. ఆ నలభై గుర్రాల్ని ఎక్కడ కడతావ్? ఈ కూలిపోయే పాకలోనా?"

"నీకన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదు. నీ బండికి ఉన్న బలమే సగం ఎక్కడో కారిపోతోంది. చిల్లు కుండలో ఎన్ని నీళ్ళు పోస్తావ్? ముందు చిల్లు వెతుకుదాం. చిల్లు పూడ్చకుండా చిప్పు పెట్టినవాడికి ఆఖరికి చేతిలో చిప్పే మిగులుతుంది."

తమ్ముడు తలపట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. అక్కతో వాదించి గెలిచిన చరిత్ర అతనికి లేదు.

మొదటి రోజు మొత్తం మీటరుకే పోయింది. ఇంజిన్ పొగ ముందుగా ఒక ఇనుప గొట్టంలోకి చేరి, అక్కడినుంచి టర్బోలోకి పోతుంది. వేడిని పసిగట్టే మీటరు ముల్లును ఆ ఇనుములోనే, టర్బోకు ముందే దిగేయాలి. దానికి టర్బో విప్పాలి, గొట్టం ఊడదీసి బల్ల మీద పెట్టాలి, డ్రిల్లు మొనకు గ్రీజు పట్టించి మెల్లగా బెజ్జం వేయాలి. గ్రీజు లేకపోతే ఇనుప రజను ఎక్కడో అతుక్కుని, రేపు టర్బో రెక్కల్లో పడి వాటిని నమిలేస్తుంది. తమ్ముడు ఓపిక పట్టలేకపోయాడు.

"టర్బో దాటాక సైలెన్సరు పైపులో పెట్టేస్తే అరగంటలో అయిపోయేది కదక్కా! అందరూ అక్కడే పెడతారు."

"నా షెడ్డులో ఎవరూ అక్కడ పెట్టరు," అంది ఆమె. గొంతు అంత కటువుగా ఎందుకు వచ్చిందో తమ్ముడికి అర్థం కాలేదు. అతనికి తెలియదు. తండ్రికి, ఆమెకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమెకు ఇరవై నాలుగు. పని నేర్చిన కొత్త. సంఘం పెద్దాయన, అప్పటికి ఇంకా పెద్దాయన కాదు, కొత్త పికప్ తెచ్చి బలం పెంచమన్నాడు. ఆ పని తండ్రి ఆమె చేతికిచ్చాడు. ఆమె డీజిల్ పంపు స్క్రూ తిప్పి బలం పెంచింది, ఊళ్ళో ఎవరి దగ్గరా లేని వేడి మీటరు తెప్పించి మరీ బిగించింది. టర్బో విప్పడం ఎందుకులే అని ముల్లును టర్బో దాటాక, సైలెన్సరు పైపులో పెట్టింది. టర్బోను తిప్పే పనిలోనే పొగ వేడి చాలా వరకు ఖర్చైపోతుందని, అక్కడ ఆరువందల డిగ్రీలు చూపిస్తే లోపల ఏడున్నర వందలు దాటి ఉంటుందని ఆమెకు అప్పుడు తెలియదు.

పరీక్షకు తీసుకెళ్ళినప్పుడు ఇరవయ్యో మలుపులో తండ్రి తల పక్కకు వంచి విన్నాడు. "బండి వేడెక్కిందమ్మా. డీజిల్ తగ్గించు," అన్నాడు.

"ఆరువందలే నాన్నా. ఇదిగో చూడు, మీటరు చెబుతోంది. నీ చెవి ఎక్కువా, మీటరు ఎక్కువా?" అంది ఆమె. తండ్రి సరేనన్నాడు. కూతురి తెలివి మీద ఆయనకు తన చెవికన్నా ఎక్కువ గురి. మూడో రోజున ఆ పికప్ అదే ఇరవయ్యో మలుపులో తెల్లటి పొగ కక్కి ఆగింది. విప్పితే రెండు పిస్టన్లు కొవ్వొత్తుల్లా కరిగి ఉన్నాయి.

యజమాని షెడ్డు ముందు నిలబడి నలుగురిలో అరిచాడు. ఆమె నోరు తెరిచేలోపు తండ్రి ముందుకొచ్చి, "పొరపాటు నాదే. స్క్రూ తిప్పింది నేనే," అన్నాడు. అంతే. చెవితో ఇంజిన్లు చదివే మేస్త్రి అన్న పేరు ఆ ఒక్క మధ్యాహ్నంతో పోయింది. కొండ మీది బండ్లు రావడం మానేశాయి. ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదాయన. ఆమె ఎత్తబోయినప్పుడల్లా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. తర్వాత చెవులు పోయాక ఆ సౌకర్యం ఇంకా పెరిగింది.

అందుకే ఆమె మీటరు టర్బోకు ముందే ఉంటుంది. ఒక రోజంతా పట్టినా సరే.

రెండో రోజు సగం బరువుతో పదో మలుపు దాకా వెళ్ళొచ్చి, గోడ మీద రాసింది: ఏడువందల ముప్పై. ఏడువందలు దాటితే పిస్టన్లకే ముప్పు, బలం పెంచకముందే అంత జ్వరం. తమ్ముడి మొహం పాలిపోయింది. "ఇప్పుడు చిప్పు పెట్టుంటేనో?" అంది మీటరక్క.

మూడో రోజు చిల్లు దొరికింది. టర్బో నుంచి పోయే గాలి గొట్టాలన్నిటికీ సబ్బు నురగ పూసి, లోపలికి గాలి కొట్టింది. ఒక హోస్ పైపు కింది వైపు, కంటికి కనబడని చోట, నురగ బుడబుడమని పొంగింది. కుక్కిన గాలి అక్కడినుంచి దర్జాగా బయటికి పోతోంది. నాలుగో రోజు ఇంటర్‌కూలర్ విప్పింది. కుక్కిన వేడి గాలిని చల్లార్చే జాలీ అది. అందులో పదేళ్ళ బురద, పదేళ్ళ పురుగులు. దాన్ని పక్కన పడేసి, పాత బండిలోంచి దీనికన్నా వెడల్పాటిది తెచ్చి బిగించింది. అయిదో రోజు సైలెన్సరు పైపు లావుది వేసింది, పొగ తేలిగ్గా పోయేలా. ప్రతి పని తర్వాతా పదో మలుపు, తిరిగొచ్చి గోడ. ఆరువందల తొంభై. ఆరువందల అరవై. ఆరువందల ముప్పై. ఒక్కో అంకె రాస్తున్నప్పుడు సుద్దముక్కను ఆమె కాస్త గట్టిగానే నొక్కేది. తన పని మీద తనకు గర్వం లేనట్టు నటించడం ఆమెకు చేతకాదు.

ఆరో రోజు పెద్ద మేస్త్రి లేచి వచ్చి, అడగకుండానే స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నాలుగు ఇంజెక్టర్ల మీదా మొన ఆనించి, నాలుగోదాని దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డాడు. "ఇది ఉమ్ముతోంది," అన్నాడు. విప్పి పరీక్షించారు. నాలుగోది డీజిల్‌ను చిమ్మాల్సింది పోయి ధారగా కారుస్తోంది. తమ్ముడు తండ్రి భుజం తట్టి, "ఓహో, మా నాన్న పళ్ళకి ఇంకా పదునుంది!" అని అరిచాడు. ఆయనకు సగమే వినిపించినా పూర్తిగా నవ్వాడు.

ఏడో రోజు ఆమే చిప్పు బాబుకు కబురు చేసింది. అతను మేకపోతు గాంభీర్యంతో లాప్‌టాప్ సంచీ తగిలించుకుని వచ్చాడు.

"నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా చిన్నది పెట్టు నాయనా," అంది మీటరక్క.

"చిన్నదా? అది ముసలోళ్ళకి పెడతానక్కా. పదిహేను గుర్రాలు కూడా రావు."

"ఈ బండీ ముసలిదే. పెట్టు."

పెట్టాడు. పక్క సీట్లో కూర్చుని తనూ పదో మలుపు దాకా వచ్చాడు. దిగాక చాలాసేపు బానెట్ చుట్టూ తిరిగి, "ఇంత చిన్నదానికే ఇలా లాగుతోందేంటక్కా?" అని అడిగాడు. "చిల్లు పూడ్చి పోశాం కదా," అంది ఆమె. గోడ మీద ఆరువందల అరవై అని రాసింది. చిప్పు బాబు ఆ రోజునుంచి తన దగ్గరికి వచ్చే బండ్లను ముందు ఇక్కడికి పంపడం మొదలుపెట్టాడన్నది వేరే సంగతి.

ఎనిమిదో రోజున, కింద ఊళ్ళోనే పరీక్షకు తిప్పుతున్నప్పుడు, పెద్ద మేస్త్రి చెప్పులు విప్పి రెండు పాదాలూ బండి నేల మీద ఆనించి, ఆ అదురునే చప్పుడులా వింటూ కూర్చున్నాడు. షెడ్డు చేరాక, "క్లచ్ ప్లేటు కూడా మార్చమ్మా, పెరిగిన బలానికి జారుతుంది," అన్నాడు. ఆమె క్లచ్ తొక్కి వదిలి చూసింది, మూడో గేరులో ఎత్తు ఎక్కించి చూసింది. బాగానే పట్టింది. మార్చాలంటే గేరుబాక్సు దించాలి, రెండు రోజుల పని, మిగిలినవే రెండు రోజులు. "ఇంకో ఏడాది లాగుతుంది నాన్నా," అని చేతులతో సైగ చేసి చెప్పింది. ఆయన సరేనన్నట్టు తల ఊపి తన సీటు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

పరీక్ష రోజున పొద్దున్నే ట్యాంకులో నీళ్ళూ చేపపిల్లలూ నింపారు. తమ్ముడు స్టీరింగ్ దగ్గర, మీటరక్క పక్కన. బండి కదలబోతుంటే పెద్ద మేస్త్రి వచ్చి తలుపు తీసి, కూతుర్ని మధ్యకు జరగమన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ కొండ ఎక్కలేదు.

"నాన్నా, నువ్వొస్తే ఆ పెద్దాయన పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది," అని తమ్ముడు అరిచాడు.

"ఆ, ఆ. పద, ఆలస్యమవుతోంది," అన్నాడు ఆయన. వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో చెప్పడం కష్టం.

బండి పాడుతూ ఎక్కింది. ఇది తమ్ముడి మాటే, కానీ ఈసారి తగ్గించుకోనక్కర్లేదు. పదో మలుపు, పద్నాలుగో మలుపు. ఎప్పుడూ నాలుక బయటపెట్టే పద్ధెనిమిదో మలుపును అది చూడకుండానే దాటేసింది. తమ్ముడు "అక్కా!" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. మీటరు ఆరువందల డెబ్భై దగ్గర నిలకడగా ఉంది. ఆమెకు కడుపు నిండినట్టయింది.

ఇరవయ్యో మలుపు దగ్గర, అన్నిటికన్నా నిటారైన చోట, పెద్ద మేస్త్రి వంగి, నేల మీద ఆనించిన తన పాదాల వైపు చూసుకున్నాడు. తర్వాత కూతురి మోకాలు మీద చెయ్యి వేశాడు. "జారుతోందమ్మా. గేరు తగ్గించమను."

ఆమె మీటరు చూసింది. ఆరువందల డెబ్భై. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తన చెవికీ తేడా ఏమీ తెలియలేదు. "ఏం కాలేదు నాన్నా, బాగానే ఎక్కుతోంది!" అన్నాడు తమ్ముడు. అదే మలుపు. అదే మాట. పక్కన అదే మనిషి, ముందు అదే మీటరు. 

"గేరు తగ్గించరా."

"మీటరు బాగానే ఉంది కదక్కా! టైం పోతుంది!"

"మీటరు వేడి చెబుతుంది. క్లచ్ సంగతి దానికేం తెలుసు? రెండో గేరు వెయ్యి. యాక్సిలరేటర్ మీంచి కాలు తేలిక చెయ్యి. చెప్పింది చెయ్యి!"

తమ్ముడు వేశాడు. గేరు మారుతున్న ఆ క్షణంలో నేల సందులోంచి కాలిన వాసన సన్నగా పైకి వచ్చింది. క్లచ్ ప్లేటు మాడటం మొదలైన వాసన. ఇంకో రెండు మలుపులు అలాగే లాగి ఉంటే బండి అరిచేదే కానీ కదిలేది కాదు.  రెండో గేరులో, కాలినడకకన్నా కాస్త వేగంగా, మిగిలిన ఆరు మలుపులూ ఎక్కారు.  ఎక్కడా ఆగలేదు. సరస్సు గట్టు మీదికి చేరేసరికి గంటా పన్నెండు నిమిషాలు.

సంఘం పెద్దాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, మెడలో తాడుకు కట్టిన కళ్ళజోడు. పలకరింపులేవీ లేకుండా ట్యాంకు మీదికెక్కి, మూత తీసి, కళ్ళజోడు పెట్టుకుని నీళ్ళలోకి చూశాడు.  పావుగంట లెక్కపెట్టి దిగాడు.

"అయిదు," అన్నాడు. "అయిదే పోయాయి. మామూలుగా యాభై పోతాయి." అప్పుడు మొదటిసారి మీటరక్కను సూటిగా చూశాడు. "అమ్మాయ్, ఈ పని నీదేనా?"

"నాదేనండి."

"అనుకున్నా. ఇంత శ్రద్ధ మీ నాన్నకెక్కడిది? ఆయన చేతిలో పడితే ఇదీ ఇరవయ్యో మలుపులోనే బూడిదయ్యేది. నువ్వు ఆయన దారిలో పోలేదు, మంచిపని చేశావ్. రేపటినుంచి మీ తమ్ముడి బండే."

తమ్ముడు గట్టిగా నవ్వేశాడు, పని దొరికిన ఆనందంలో. పెద్ద మేస్త్రి కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. ఆ నవ్వు చూడలేకపోయింది ఆమె. తన పేరు పోగొట్టిన మాటకు తనే నవ్వుతున్న తండ్రిని ఏ కూతురు మాత్రం చూస్తూ ఊరుకుంటుంది?

"పెద్దాయనా, ఒక్క మాట," అంది. "మీ బండిని కాల్చింది మా నాన్న కాదు. నేను."

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. "అక్కా, ఇప్పుడెందుకిదంతా..."

"నువ్వుండరా. స్క్రూ తిప్పింది నేను. మీటరు పెట్టింది నేను, తప్పుచోట పెట్టింది నేను. బండి వేడెక్కిందని ఆయన చెప్పాడు. నీ చెవి ఎక్కువా మీటరు ఎక్కువా అని నోరు మూయించింది నేను. మీరు అరుస్తుంటే ఆయన అడ్డమొచ్చి తన మీద వేసుకున్నాడు. నేను వేసుకోనిచ్చాను." తండ్రి వైపు చెయ్యి చూపించింది. "ఈ రోజు కూడా క్లచ్ మార్చమని ఆయన చెబితే నేను వినలేదు. ఇరవయ్యో మలుపులో గేరు తగ్గించమన్నదీ ఆయనే. అక్కడ మాత్రం విన్నాను. అందుకే మీ చేపపిల్లలు బతికున్నాయి. ఇంకా నా చెయ్యి తగిలిన బండి వద్దంటే మీ ఇష్టం. కానీ ఆయన్ని ఏమీ అనకండి."

  తమ్ముడు తండ్రి వైపు చూస్తున్నాడు, ఇన్నేళ్ళూ ఆ మనిషిని చూడనట్టు.

పెద్దాయన మెల్లగా పెద్ద మేస్త్రి దగ్గరికి నడిచి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "మేస్త్రీ! ఇరవై రెండేళ్ళు నిన్ను తిట్టుకున్నాను! ఎందుకు చెప్పలేదు?"

ఆ అరుపు మాత్రం ఆయనకు వినిపించింది. కూతురి వైపు ఒకసారి చూసి, సంగతి బయటపడిందని గ్రహించాడు. దాచుకున్న వస్తువు దొరికిపోయినవాడిలా కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

"ఏముంది చెప్పడానికి," అన్నాడు. "నీ బండి పోయింది, నువ్వు ఇంకోటి తెచ్చుకున్నావ్. ఆ రోజు తిట్లకు భయపడి దీని చెయ్యి వెనక్కి పోయుంటే, ఇలాంటి చెయ్యి ఇంకోటి నేనెక్కణ్ణుంచి తేను?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "రేపు రావద్దు," అన్నాడు. తమ్ముడు మళ్ళీ బతిమాలబోయాడు. "క్లచ్ మార్పించుకుని ఎల్లుండి రా. ఏడాదంతా నువ్వే." ఆ మాట అనేసి, గట్టు పక్కన నిలిపి ఉన్న తన సొంత పికప్ దగ్గరికి వెళ్ళి, బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఏమీ అడగలేదు. పక్కకు తప్పుకుని, ఆసుపత్రి వరండాలో రోగి తాలూకు మనిషిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెద్ద మేస్త్రి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. పిడిని పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత కొండ మీది బండి మీద ఆయన చెయ్యి పడింది. మీటరక్క పక్కన నిలబడి ఆ మొహాన్నే చూస్తోంది. అన్ని మలుపులు ఎక్కినా రాని గర్వం ఆ చూపులో ఉంది.

"రెండో ఇంజెక్టరు కొడుతోంది," అన్నాడాయన కళ్ళు తెరిచి. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నువ్వు మీటరు పెట్టి చూడమ్మా. నేను చెప్పింది తప్పేమో."

"పెడతాను నాన్నా," అని ఆయన చెవిలో అరిచింది ఆమె. "నా కోసం కాదు. నువ్వు చెప్పింది నిజమని వీళ్ళందరికీ చూపించడానికి."